పెద్ద గబ్బిలం, హార్న్‌బిల్: ఒకటి చేసే పని మరొకటి చేయగలదా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఊరి చెరువుగట్టు మీది పాత మర్రిచెట్టును కొన్ని వందల పెద్ద గబ్బిలాలు నివాసం చేసుకున్నాయి. వాసన, అరుపులు, కింద పడే రెట్టలు భరించలేక చెట్టు కొట్టించాలని కొందరు పట్టుబడుతున్నారు. పాపికొండల అడవిలో హార్న్‌బిల్ పక్షులు ఉన్నాయి, పండ్లు తిని విత్తనాలు చల్లే పని అవి ఎలాగూ చేస్తాయి, కనుక గబ్బిలాలు వెళ్ళిపోతే అడవికి వచ్చే నష్టమేమీ లేదని వారి వాదన. ఇది శాస్త్రపరంగా నిలుస్తుందా అని మీరు అడిగారు. నిలవదు. రెండూ పండ్లు తినే జీవులే, రెండూ విత్తనాలను మోసేవే, కాని అవి మోసే విత్తనాలు వేరు, వాటిని వదిలే చోట్లు వేరు. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే గ్రామసభలో మాట్లాడవలసి వస్తే మీకు పనికొచ్చేది ఆ వివరమే.

ముందుగా ఏ జాతుల గురించి మాట్లాడుతున్నామో స్పష్టం చేసుకోవాలి. మీ మర్రిపై ఉన్నది మన దేశంలోని గబ్బిలాలన్నింటిలో పెద్దవాటిలో ఒకటి. పాత పుస్తకాల్లో దీని శాస్త్రీయ నామం టెరోపస్ జైగాంటియస్ అని ఉంటుంది, ఇప్పుడు టెరోపస్ మీడియస్ అంటున్నారు. రెక్కలు చాపితే ఒక చివరినుంచి మరో చివరికి 1.2 నుంచి 1.5 మీటర్ల దాకా ఉంటుంది, బరువు 600 గ్రాముల నుంచి 1.6 కిలోల దాకా తూగుతుంది. ఇక గోదావరి లోయ అడవుల్లో కనిపించే నలుపు తెలుపుల పక్షి మలబార్ పైడ్ హార్న్‌బిల్. పేరులో మలబార్ ఉన్నా అది పడమటి కనుమలకే పరిమితమైనది కాదు. తూర్పు కనుమల్లో, బస్తర్ అడవుల్లో, శ్రీలంకలో కూడా ఉంది. పొడవు సుమారు 65 సెంటీమీటర్లు, బరువు దాదాపు కిలో. అంటే బరువులో ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు, ఆహారం కూడా చాలావరకు ఒకటే. అందుకే ఒకదాని బదులు మరొకటి సరిపోతుందన్న ఆలోచన సులభంగా కలుగుతుంది.

రెండింటికీ ఎగరడం వచ్చినా ఆ విద్య వేర్వేరు దారుల్లో వచ్చింది. గబ్బిలం రెక్క దాని అరచేయే: బాగా సాగిన వేళ్ళ మధ్య పరుచుకున్న పలుచని చర్మం. బొటనవేలికీ రెండో వేలికీ గోళ్ళుంటాయి, వాటి సాయంతో అది కొమ్మల్లో పాకుతుంది, పండును దగ్గరకు లాక్కుంటుంది. పక్షి రెక్కలో వేలి ఎముకలు కుదించుకుపోయి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి, గాలిని నెట్టే పని ఈకలది. హార్న్‌బిల్ ఎగురుతున్నప్పుడు వచ్చే పెద్ద హోరు చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. పెద్ద ఈకల మొదళ్ళను కిందివైపు కప్పి ఉంచే చిన్న ఈకలు దీనికి సరిగా లేకపోవడంతో వాటి సందుల్లోంచి గాలి దూసుకుపోయి ఆ చప్పుడు పుడుతుంది. గబ్బిలాల విషయంలో ఒక అపోహ కూడా తొలగించాలి. గబ్బిలాలన్నీ శబ్దం పంపి, దాని ప్రతిధ్వనితో దారి చూసుకుంటాయని బడిలో చదువుకున్నాం. పురుగులు తినే చిన్న గబ్బిలాలకు అది నిజమే, కాని ఈ పెద్ద గబ్బిలం కంటిచూపునూ వాసననూ నమ్ముకుని తిరుగుతుంది. దాని కళ్ళు అంత పెద్దవిగా ఉండడానికి కారణం అదే.

అసలు విషయం తినే తీరులో ఉంది. పెద్ద గబ్బిలం పండును కొరికి, నాలుకతో అంగిలి మీది గట్టి గీతలకు అదిమి, రసం పిండుకుని మింగి, పిప్పిని ఉమ్మేస్తుంది. మీ మర్రి కింద తెల్లవారగానే కనిపించే ఎండిన ఉండలు చాలావరకు ఆ పిప్పే. దాని గొంతు సన్నం కాబట్టి కొన్ని మిల్లీమీటర్లకు మించిన విత్తనం లోపలికి పోదు. మర్రి, రావి, జువ్వి, మేడి వంటి చెట్ల ఆవగింజంత గింజలు మాత్రం రసంతోపాటు కడుపులోకి వెళ్ళి, చాలాసార్లు అరగంట లోపే రెట్టతో బయటికి వస్తాయి. పెద్ద గింజ ఉన్న పండునైతే నోట కరుచుకుని, తీరుబడిగా తినడానికి వేరే చెట్టుకు ఎగిరిపోయి, కండ తిని గింజను అక్కడ వదిలేస్తుంది. నాటు బాదం, పొన్న, నరమామిడి గింజలు తల్లిచెట్టుకు దూరంగా పడి ఉండడం మీరు చూసే ఉంటారు. అయితే ఈ రెండో రకం ప్రయాణం సాధారణంగా దగ్గరి దూరమే, ఎందుకంటే బరువైన పండును మోసుకుని ఎక్కువ దూరం ఎగరడం దానికి లాభం కాదు.

హార్న్‌బిల్ తీరు దీనికి పూర్తిగా భిన్నం. దాని నాలుక పొట్టిది, ముక్కు చివర పట్టిన పండును గొంతు దాకా జరపలేదు. అందుకని పండును తృటిలో పైకి ఎగరేసి నోట పట్టి, నమలకుండా మొత్తంగా మింగేస్తుంది. రెండు సెంటీమీటర్లకు పైబడిన గింజ ఉన్న పండునైనా ఇలా తీసుకోగలదు. కడుపులో కండ కరిగాక చిన్న గింజలు రెట్టతో పోతాయి, పెద్ద గింజలను మాత్రం అది తిరిగి నోటిద్వారా కక్కేస్తుంది. ఆ గింజ పగలదు, నలగదు, పైగా దాని మీది గుజ్జు శుభ్రంగా ఊడిపోయి ఉంటుంది. ముష్టి చెట్టు పండ్లు కూడా ఈ పక్షికి ఆహారమే. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ అనే తీవ్రమైన విషం ఉన్న సంగతి మన పల్లెల్లో అందరికీ తెలుసు. గింజను కొరకని జీవి కాబట్టే ఆ పండు దానికి పనికొస్తుంది. ఇలా పెద్ద గింజను చెక్కుచెదరకుండా మింగి, గంటో రెండు గంటలో కడుపులో ఉంచుకుని, అంతలో అడవిలో మరోచోటికి చేర్చగల జీవులు మన అడవుల్లో చాలా తక్కువ. ఆ కొద్దిమందిలో మొదట చెప్పుకోవలసింది హార్న్‌బిల్‌నే.

ఇక విత్తనం ఎక్కడ పడుతుందన్నది చూడాలి. హార్న్‌బిల్ పగటి జీవి, పెద్ద చెట్ల పైకొమ్మల్లో గడుపుతుంది. అది కక్కే గింజలు ఎక్కువగా తినే చెట్ల దగ్గర, రాత్రి నిద్రించే చెట్ల కింద, గూడున్న చెట్టు మొదట్లో పడతాయి. అంటే అడవి గింజలు అడవిలోనే పడతాయి. నీడలో మొలిచి నెమ్మదిగా ఎదిగే వృక్షాలకు కావలసింది సరిగ్గా అదే. పెద్ద గబ్బిలం అలా కాదు. చీకటి పడగానే చెరువుగట్టు నుంచి లేచి, పొలాలూ తోటలూ ఊళ్ళూ గుట్టలూ దాటి, ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరిగివస్తుంది. చాలా పక్షులు కొమ్మ మీద వాలినప్పుడే రెట్ట వేస్తాయి, గబ్బిలాలు మాత్రం ఎగురుతూ కూడా వేస్తాయి. చెట్టే లేని బయలు నేల మీద, నరికేసిన గుట్ట మీద, వదిలేసిన పోడు చేను మీద ఆకాశంనుంచి గింజ పడాలంటే ఈ అలవాటే ఆధారం. పగటిపూట తెరపి నేల దాటడానికి జంకే అడవి పక్షులు ఎన్నో ఉన్నాయి. రాత్రివేళ గబ్బిలానికి ఆ జంకు లేదు. మీ ఊరివారి వాదన ఇక్కడే విరిగిపోతుంది: పాపికొండల్లోని హార్న్‌బిల్ మీ ఊరి చుట్టూ ఉన్న బోడి గుట్టల మీదికి వచ్చి గింజ వేయదు, ఆ గబ్బిలం వేస్తుంది. అలాగే మీ గబ్బిలం ముష్టి గింజను మింగి అడవి లోపల నాటలేదు, ఆ పని హార్న్‌బిల్‌ది.

గబ్బిలం చేసే మరో పని హార్న్‌బిల్ జాబితాలో లేనేలేదు. అది పూల పని. ఇప్పచెట్టు పూలు రాత్రివేళ సిద్ధమై, కండగల ఆకర్షకపత్రాలు తెల్లవారేలోగా నేలరాలతాయి. ఆ కొద్ది గంటల్లో తీపి కోసం వచ్చే పండ్లు తినే గబ్బిలాలు మూతికీ రొమ్ముకూ అంటిన పుప్పొడిని ఒక చెట్టునుంచి మరో చెట్టుకు చేరుస్తాయి. బూరుగు పూలకు పగలు పక్షులు వచ్చినా రాత్రి వచ్చే అతిథులు గబ్బిలాలే. మన్యం ప్రాంతంలో ఇప్పపువ్వు ఏరుకుని అమ్ముకునే కుటుంబాలకూ, ఇప్పగింజల నుంచి నూనె తీసుకునేవారికీ ఈ విషయం తప్పకుండా చెప్పండి. చెరువుగట్టు మర్రికీ వారి సంపాదనకూ ఉన్న సంబంధం పైకి కనిపించదు, కాని చాలా దగ్గరిది.

రెండు జీవుల దారులూ కలిసే చోటు ఒకటుంది: మర్రి కుటుంబం. ఈ కుటుంబంలో దాదాపు ప్రతి జాతికీ పరాగసంపర్కం చేసే సొంత కందిరీగ ఉంటుంది. ఆ చిన్నారి కందిరీగ కొద్దిరోజులే బతుకుతుంది కనుక, అది నిలవాలంటే చుట్టుపక్కల ఏదో ఒక చెట్టు ఎప్పుడూ కాయ పట్టి ఉండాలి. దీనివల్ల ఒకే జాతి చెట్లు ఒకే ఋతువులో కాకుండా ఏడాది పొడవునా వేర్వేరు వేళల్లో పండుతాయి, మిగిలిన పండ్లు దొరకని నెలల్లో పక్షులనూ గబ్బిలాలనూ బతికిస్తాయి. పగలు హార్న్‌బిల్ వాలిన మర్రి మీదే రాత్రి గబ్బిలం వాలవచ్చు. ఈ జంట పని ఎంత శక్తిమంతమైనదో తెలుసుకోవడానికి ఇండోనేసియాలోని క్రకటోవా దీవులను చూడవచ్చు. 1883 ఆగస్టులో అగ్నిపర్వతం పేలి అక్కడి అడవి మొత్తం బూడిద కింద సమాధి అయింది. జావా, సుమత్రాలు అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరం, మధ్యలో సముద్రం. తరువాతి దశాబ్దాల్లో అక్కడ మర్రి జాతి చెట్లు అనేకం మళ్ళీ మొలిచాయి. వాటి గింజలను కడుపులో పెట్టుకుని సముద్రం దాటించినవి పండ్లు తినే పక్షులూ గబ్బిలాలే. అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల్లో హార్న్‌బిల్ లేదు, మన పెద్ద గబ్బిలం కుటుంబమూ లేదు. అక్కడ ఈ పనులను టూకాన్ పక్షులూ, పూర్తిగా వేరే వంశానికి చెందిన గబ్బిలాలూ పంచుకున్నాయి. పగటికొక జీవి, రాత్రికొక జీవి అన్న ఏర్పాటు రెండు ఖండాల్లో విడివిడిగా రూపుదిద్దుకోవడం నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం.

పిల్లల్ని పెంచే పద్ధతిని బట్టి ఈ రెండింటికీ ఎదురయ్యే ప్రమాదాలు కూడా వేరు. హార్న్‌బిల్ తానుగా తొర్ర తొలచుకోలేదు. కొమ్మ విరిగిన చోట కుళ్ళి ఏర్పడినదో, వడ్రంగిపిట్ట మొదలుపెట్టగా కాలక్రమంలో పెద్దదైనదో, సిద్ధంగా ఉన్న తొర్ర దానికి దొరకాలి. అలాంటి తొర్ర ముసలి మహావృక్షంలోనే ఉంటుంది. ఆడపక్షి లోపలికి వెళ్ళి తన రెట్టతోనూ పండ్ల గుజ్జుతోనూ ద్వారాన్ని మూసేసి, ముక్కు పట్టేంత సన్నని చీలిక మాత్రం ఉంచుతుంది. రెండు మూడు గుడ్లు పెడుతుంది. లోపలున్న కాలంలోనే పెద్ద ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతుంది, కాబట్టి కొంతకాలం ఎగరలేదు కూడా. ఆ వారాలన్నీ మగపక్షి ఒక్కటే గొంతులో పండ్లు నింపుకొచ్చి ఆ చీలికలోంచి ఒక్కొక్కటిగా అందిస్తుంది. పిల్లల కోసం బల్లులనూ పురుగులనూ కూడా తెస్తుంది. ఆ మగపక్షిని ఎవరైనా కొడితే ఆ ఒక్క దెబ్బతో గూటిలోని తల్లి, పిల్లలు అందరూ ఆపదలో పడతారు. పెద్ద గబ్బిలానికి తొర్రతో పనిలేదు, ఎత్తైన కొమ్మలుంటే చాలు. కాని అది ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది, మన ప్రాంతంలో ఎక్కువగా ఫిబ్రవరి, మే నెలల మధ్య. మొదటి కొన్ని వారాలు తల్లి దానిని పొట్టకు కరుచుకుని మేతకు కూడా మోసుకెళ్తుంది, తరువాత చెట్టు మీద వదిలి వెళ్తుంది. సొంతంగా ఎగరడానికి రెండున్నర నెలలకు పైగా పడుతుంది. వందల సంఖ్యలో వేలాడుతుంటే ఎలుకల్లా పెరిగిపోతున్నాయని జనం అనుకుంటారు, కాని ఏడాదికి ఒకే పిల్లను కనే జీవి ఒకసారి దెబ్బతింటే కోలుకోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

మనుషుల దృష్టిలో మాత్రం ఈ రెండింటికీ ఎంతో అంతరం ఉంది, అది నాకు బాధ కలిగిస్తుంది. హార్న్‌బిల్ అందమైన పక్షి కనుక దాని పక్షాన నిలిచినవారు దొరికారు. అరుణాచల్ ప్రదేశ్‌లోని పక్కే అభయారణ్యం చుట్టూ ఉన్న నిషీ గిరిజనులు గూళ్ళకు కాపలా ఉంటున్నారు, సంప్రదాయ తలపాగాలకు అలంకారంగా పెట్టే హార్న్‌బిల్ అసలు ముక్కు బదులు ఫైబర్ గాజుతో చేసిన ముక్కును వాడడం మొదలుపెట్టారు. కేరళలోని వాళచ్చాల్ అడవిలో కాదర్ గిరిజనులు మన మలబార్ పైడ్ హార్న్‌బిల్ గూళ్ళను కనిపెట్టుకుని ఉంటారు. గబ్బిలం విషయానికి వస్తే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలతో, కాకులతోపాటు ఐదో షెడ్యూలులో, అంటే ఉపద్రవకర జంతువుల వరుసలో పెట్టింది. ఎవరు చంపినా అడిగే దిక్కు లేని పరిస్థితి అర్ధశతాబ్దం సాగింది. 2022 సవరణతో ఆ వరుసనే ఎత్తేశారు. పెద్ద గబ్బిలం ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది, 2023 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. మీ గ్రామసభలో మొదట చెప్పవలసిన మాట ఇదే: దానిని వేటాడడం నేరం. ఉబ్బసం తగ్గుతుందని దాని మాంసం తినేవారు ఇంకా ఉన్నారు. ఆ నమ్మకానికి వైద్యపరమైన ఆధారం లేదు, పైగా ప్రమాదం ఉంది.

ఆ ప్రమాదాన్ని దాచకుండా చెప్పాలి. 2018లో కోళికోడ్ ప్రాంతంలో నిపా వ్యాధి ప్రబలినప్పుడు అక్కడి పెద్ద గబ్బిలాల నమూనాల్లో ఆ వైరస్ దొరికింది. బంగ్లాదేశ్‌లో ఈత జాతి చెట్లకు కట్టిన కుండల్లోని పచ్చి రసాన్ని రాత్రి గబ్బిలాలు నాకడం వల్ల మనుషులకు సోకిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి గబ్బిలం కొరికిన పండు తినకూడదు, చచ్చి పడినదాన్ని చేత్తో ముట్టకూడదు, తాడి, ఈత చెట్ల ముంతలకు మూత ఉండాలి. అయితే దీనికి మందు చెట్టు కొట్టడం కాదు. చెదిరిన గబ్బిలాలు మాయమైపోవు, చిన్న గుంపులుగా విడిపోయి ఇళ్ళ దగ్గరి చెట్లకు చేరతాయి, మనుషులతో తాకిడి ఇంకా పెరుగుతుంది.

మామిడి, సపోటా, జామ తోటల రైతులకు జరిగే నష్టం కూడా నిజమే, దానిని కొట్టిపారేయకూడదు. పండే రోజుల్లో చెట్లకు వల కప్పడం అక్కరకొచ్చే ఉపాయం. వల బిగుతుగా, సన్నని కన్నులతో ఉండాలి, వదులుగా ఉంటే జీవులు చిక్కుకుని చస్తాయి. చంపడం ద్వారా తోటలు కాపాడుకోవాలని చూసిన దేశం మారిషస్. అక్కడ 2015 నుంచి ప్రభుత్వమే పెద్ద గబ్బిలాలను వేల సంఖ్యలో చంపించింది, చివరికి 2018లో ఆ జాతిని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చవలసి వచ్చింది.

ఇక మీ మర్రి సంగతి. చెట్టు దారికి అడ్డమని ఎవరైనా అంటే, ముందు గబ్బిలాల సంఖ్యను నమోదు చేయించండి. పగలు లెక్కపెట్టడం కష్టం, ఒకదాని వెనుక ఒకటి దాగి ఉంటాయి. సూర్యాస్తమయం తరువాత అవి లేచి వెళ్ళేటప్పుడు ఇద్దరు ముగ్గురు వేర్వేరు దిక్కుల నిలబడి ఆకాశం వెలుతురులో లెక్కిస్తే నమ్మదగిన సంఖ్య వస్తుంది. ఆ లెక్కను, ఫోటోలను జతచేసి అటవీ శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి. కొమ్మలు తప్పనిసరిగా కత్తిరించవలసి వచ్చినా ఫిబ్రవరి నుంచి జూలై దాకా ముట్టుకోనివ్వకండి, ఎందుకంటే ఎగరలేని పిల్లలు ఆ నెలల్లోనే ఉంటాయి. చెట్టుకు దగ్గరగా విద్యుత్ తీగలుంటే వాటికి తొడుగు వేయమని అడగండి. వెడల్పైన రెక్కలు ఒకేసారి రెండు తీగలకు తగిలి చనిపోయే గబ్బిలాలు ఎన్నో. తీవ్రమైన ఎండలకు అవి రెక్కలతో విసురుకుంటూ, ఒళ్ళు నాక్కుంటూ తాళలేక రాలిపోతాయి, కాబట్టి చెరువులో కొంతైనా నీరు నిలిచేలా చూడడం, చెట్టు చుట్టూ ఉన్న నీడను తీసేయకుండా ఉండడం వాటికి పెద్ద ఉపకారం. కింద రెట్టల బాధ పడుతున్న ఇళ్ళవారి కోసం చెట్టుకింది దారిని కొంచెం పక్కకు జరపడం, నీళ్ళ తొట్లకు మూతలు పెట్టడం పంచాయతీ ఖర్చుతో సులభంగా అయ్యే పనులు. వాటిని మీరే ముందుగా ప్రతిపాదిస్తే చెట్టు కొట్టాలన్నవారిలో సగంమందికి ఫిర్యాదు ఉండదు.